తట్ట నీడ

పదకొండు కొట్టింది. పన్నెండింటికి వాళ్ళు వస్తారు. వచ్చి కింద వరసగా నిలబడి తలలెత్తి చూస్తూ ఉంటే నేను ఈ పరంజా మీద, మోకాళ్ళ కింద గోనెపట్టా మడిచి వేసుకుని, పుల్లకు చుట్టిన దూదిని సీసాలో ముంచి, మా అమ్మ ముఖాన్ని తుడిచెయ్యాలి. మొదట ఎడమ చెంప. ఎడమ చెంపే ఎందుకంటే కిటికీ వెలుతురు అటే పడుతుందని, ఫోటో బాగా వస్తుందని డైరెక్టరు చెప్పాడు. ఫోటో తీసేవాణ్ణి కూడా మాట్లాడాడు. పెళ్ళిపిలుపులు పిలిచినట్టు పిలిచాడు అందరినీ. దొరల దేశం నుంచి వచ్చిన నిపుణురాలి పక్కన తాను ఎటువైపు నిలబడితే బాగుంటుందో నిన్న సాయంత్రమే నిలబడి చూసుకున్నాడు. నాకు మాత్రం ఈ గంట మిగిలింది, చెయ్యడానికి పనేమీ లేదు. దూది పుల్లలు ముప్పై చుట్టి పెట్టాను, సీసా మూత వదులు చేసి మళ్ళీ బిగించాను, భూతద్దం రెండుసార్లు తుడిచాను. ఇంక ఉన్నది ఈవిడా నేనూ, ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గరగా. ఇరవై రెండేళ్ళ మా అమ్మ. నాకంటే ముప్పై ఆరేళ్ళు చిన్నది. తల మీద ఇనప తట్ట, తట్టలో గార, ఒక చెయ్యి తట్ట అంచు మీద, రెండో చెయ్యి నడుం మీద, చూపు తిన్నగా నా మీద, ఏం చూస్తావే నీ పని నువ్వు చూసుకో అన్నట్టు. ఇప్పటికీ ఇంట్లో అదే చూపు. ఎనభై దాటినా చూపు ఒక్కటీ ముసలిది కాలేదు.

దీన్ని అందరూ పెద్ద బొమ్మ అంటారు. ఒకప్పుడు దొరల కచేరీ, తరవాత కౌన్సిలు హాలు, ఇప్పుడు మ్యూజియం అయిన ఈ భవనంలో, ఎదురుగోడ మొత్తం అదే. బొమ్మలో ఉన్నదీ ఈ భవనమే, తలుపులు తెరిచిన రోజు. పైన గడియారం గోపురం, గడియారంలో సరిగ్గా పన్నెండు, మెట్లకి అటూ ఇటూ జనం, నడుమ పై మెట్టు మీద ఇప్పుడు మా అమ్మ. మొదట అక్కడున్నది దొర. తెల్ల బట్టలు, టోపీ, చేతిలో భవనం తాళంచెవి, మెట్ల మీదుగా పొడుగాటి నీలం నీడ. స్వాతంత్ర్యం వచ్చాక మొదటి కౌన్సిలు ఈ హాల్లోనే కూర్చుంది కదా, దొర తమ నెత్తి మీద నిలబడి తాళంచెవి పట్టుకుని చూస్తుంటే ఎవరికీ నోరు పెగల్లేదట. దొరని తీసేసి ఈ భవనం కట్టిన కూలీల్లో ఒకరిని వెయ్యాలని తీర్మానం చేశారు, నలభై రోజుల గడువు పెట్టారు, మా నాన్నకి అప్పజెప్పారు. నాన్న వేశాడు. కూలిమనిషిని ఎక్కణ్ణుంచి తేవాలో తెలియక పెళ్ళాన్ని నిలబెట్టాడు. అప్పుడు నేను కడుపులో ఉన్నాను. లెక్కప్రకారం నేనూ ఈ బొమ్మలో ఉన్నట్టే, నడుం మీద పెట్టిన ఆ చేతి వెనకాల.

దొరని వేసింది ఎవరు అంటే, కింద కుడిమూల సంతకం డ్రాయింగు దొరది. ఆయన ఇక్కడ బొమ్మల బడి పెట్టినవాడు. వేసింది మాత్రం గురువుగారు, మా నాన్నకి బొమ్మలు నేర్పినాయన. దొర బూట్ల దగ్గర్నుంచి టోపీ దాకా, జనంలో ప్రతి తలకాయా, గడియారంలో ముళ్ళతో సహా ఆయన చెయ్యే. డ్రాయింగు దొర సాయంత్రం పూట బెత్తం పట్టుకుని వచ్చి ఇక్కడ తప్పు అక్కడ తప్పు అని చూపించి వెళ్ళేవాడు, గురువుగారు మర్నాడు దిద్దేవారు, పూర్తయ్యాక బెత్తం పట్టుకున్న చేత్తో సంతకం. ఇదంతా కాగితాల్లో ఎక్కడా లేదు. నాన్న చెప్పిందే. గురువుగారు చిన్నప్పుడు ఆ బడిలో మూడేళ్ళు సుద్దతో పోతపోసిన చెవులు చూసి చెవులు గీశారట, ఎవరి చెవులో తెలియదు, ఆ దేశం నుంచి పెట్టెల్లో వచ్చిన చెవులు. ఆ తరవాత రెండేళ్ళు ముక్కులు. మన ముక్కులు నడుచుకుంటూ వీధుల్లో తిరుగుతున్నా వాటి వంక చూడ్డానికి అనుమతి లేదనేవాడు నాన్న, నవ్వుతూనే, కానీ ఆ నవ్వు ఒక పక్కకే ఉండేది.

అలాంటి గురువుగారి బొమ్మ మీద, ఆయన బతికి ఉండగానే, శిష్యుడు రంగు పూశాడు. ఊరు ఊరుకుంటుందా. దొరని తీసెయ్యమన్నవాళ్ళే నాన్నకి తుడుపు మాస్టారు అని పేరు పెట్టారు. పనిచెప్పిన నోళ్ళే పేరూ పెట్టాయి. షాపు బోర్డులు రాసినా తుడుపు మాస్టారే, సినిమా బ్యానర్లు వేసినా తుడుపు మాస్టారే. నా చిన్నప్పుడు డ్రాయింగు క్లాసులో టీచరు నా పుస్తకం చూసి, గీయడం సరే రబ్బరు వాడటం నీకు వేరే నేర్పక్కర్లేదు, మీ ఇంటి విద్య అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వకపోతే ఏడవాల్సి వచ్చేది. నాన్నకి ఎదురు తిరిగి ఒక్కసారన్నా అడిగి ఉండాల్సింది, ఎందుకు చేశావని. అడగలేదు. పద్దెనిమిదేళ్ళప్పుడు ఒకరోజు అడగడానికి బదులు అనేశాను, నువ్వు కప్పెట్టినవన్నీ నేను బయటికి తీసే చదువు చదువుతాను అని. నాన్న అప్పుడు ఏదో చెప్పులకొట్టు బోర్డు రాస్తున్నాడు. కుంచె ఆపలేదు. తియ్యి తల్లీ, కానీ వార్నీషు ఎక్కడుందో ఎక్కడ లేదో చూసుకుని తియ్యి అన్నాడు. ఇంత మాటంటే ఈ మనిషికి వార్నీషు గొడవేమిటని ఇంకా ఒళ్ళుమండింది నాకు.

చదివాను. అన్నమాట నిలబెట్టుకున్నాను. నా పనే అది, పాత బొమ్మల మీద ఎవరెవరో తరవాత పూసిన రంగులు తీసి మొదటి బొమ్మని బయటపెట్టడం. ఇక్కడ నన్ను దూది మేడం అంటారు, తుడుపు మాస్టారు గారి అమ్మాయి అనే మాట ఇప్పుడెవరికీ గుర్తులేదు, నాకు తప్ప. రెండేళ్ళు ఆ దేశంలోనే నేర్చుకున్నాను. వెళ్ళిన మొదటి చలికాలంలో ఒక మధ్యాహ్నం బడి బయట మెట్ల మీద నిలబడి టైము చూసుకుంటే పన్నెండు, కిందకి చూస్తే నా నీడ. నా కాళ్ళ దగ్గర మొదలై మెట్లన్నీ దిగి రోడ్డు దాటి అవతలి గోడ ఎక్కి కూర్చుంది. నీలంగా ఉంది కూడా. నిజంగా నీలమే, చల్లటి నీలం, సిరా ఒలికినట్టు. నేను అక్కడే నిలబడిపోయాను. ఎందుకంటే నీడలు నీలంగా ఉండవని మా నాన్న నాకు పుట్టినప్పటినుంచీ చెప్పాడు. నీడంటే వేరే రంగు కాదే, అదే నేల కాస్త అలిసినట్టుంటుంది అనేవాడు. మట్టిరంగులో చిటికెడు ఆకుపచ్చ కలిపి చూపించేవాడు, అది గురువుగారి కలుపు. ఏ బొమ్మ చూసినా మొదటి ప్రశ్న ఎండ ఎక్కడుంది. క్యాలెండరు చూసినా అంతే, నా పాస్‌పోర్టు ఫోటో చూసి కూడా ఎండ ఎక్కడుందే అన్నాడు. ఆ దేశపు మెట్ల మీద నాకర్థమైంది డ్రాయింగు దొర అబద్ధం చెప్పలేదని. ఆయన ఎండ ఆయన వేయించాడు. కాకపోతే దాన్ని పెట్టెలో పెట్టుకుని ఇంత దూరం మోసుకొచ్చాడు, చెవులతో పాటు. మనవాళ్ళు ఆ ఎండే అసలు ఎండ అనుకుని, నడినెత్తిన సూర్యుడు మాడుస్తుంటే చెమటలు తుడుచుకుంటూ పొడుగాటి నీలం నీడలు వేశారు. ఏ ఊళ్ళో ఏ మ్యూజియంలో ఆ కాలం బొమ్మ చూసినా ఇదే తప్పు. ఇంకెవరూ చెయ్యని తప్పు, మనం మాత్రమే చెయ్యగలిగినది, బాగా చదువుకుంటేనే వచ్చే తప్పు. నాన్నకి ఉత్తరం రాద్దామనుకున్నాను. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి, తరవాత రాద్దామనుకున్నాను, తరవాత మర్చిపోయాను. నాన్న పోయి పదకొండేళ్ళు.

నివేదిక అట్ట కింద పెట్టి ఉంది, నేనే రాశాను, సంతకమే తరువాయి. తరవాతి పొర తొలగించి మూలరూపం బయటపెట్టడం సాధ్యమే, అవసరమే. అవసరమే అన్న మాట రాసినప్పుడు చెయ్యి తడబడలేదు, అదే నాకు ఇప్పుడు బాధ. డ్రాయింగు దొర నూటయాభయ్యో జయంతి ఏదో ఆ దేశంలో చేస్తున్నారట, ఆయన బొమ్మలు ఎక్కడెక్కడున్నవీ బాగుచేయిస్తున్నారట. నిపుణురాలు మంచిమనిషి, అహంకారం లేదు, మన భాష నాలుగు ముక్కలు నేర్చుకుని వచ్చి అందరికీ నమస్కారం పెడుతోంది. తెల్లవాళ్ళ మీద కోపం తెచ్చుకుందామంటే ఆవిడ మీద రాదు. పైగా నాకే కావలసింది కదా ఇది. నాన్న పూసిన రంగు తీసేస్తే గురువుగారి చెయ్యి బయటికొస్తుంది, నాన్న చేసిన తప్పు నేను దిద్దినట్టవుతుంది, వచ్చే నెల రిటైరై ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. ముప్పై ఏళ్ళుగా ఈ లెక్కే. కానీ నాన్న రాసిన బోర్డులు ఎండకి పోయాయి, బ్యానర్లు వానకి పోయాయి, ఇంట్లో ఒక్క కాగితం ముక్క లేదు. ఈ లోకంలో నాన్న చేతిది మిగిలింది ఇదొక్కటే, దీన్నీ నా చేత్తోనే తుడిచేస్తే తుడుపు మాస్టారు అన్న పేరొక్కటే మిగులుతుంది. ఆ సంగతి నివేదికలో ఏ గడిలోనూ రాయడానికి చోటు లేదు. అమ్మతో చెప్తే, చెప్పడానికి వారం పట్టింది నాకు, అమ్మ పళ్ళెంలోంచి తల ఎత్తకుండా, తీసెయ్యవే, నలభై రోజులు నిలబెట్టి నా కాళ్ళు వాచిపోతే ఉన్నదున్నట్టు వాచిన కాళ్ళే వేశాడు మీ నాన్న, పోతే పీడాపోయింది అంది. తరవాత రెండు ముద్దలు తక్కువ తింది.

వార్నీషు. పని మొదలుపెట్టిన రోజే కనిపించింది. నాన్న రంగు పూయకముందు గురువుగారి బొమ్మ మీద పలచగా, సమంగా, వార్నీషు పూశాడు. అంటే నాన్న రంగు గురువుగారి రంగుని తాకలేదు, మధ్యలో గాజు పలక పెట్టినట్టే. తుడిస్తే వార్నీషు కరిగి పైది వచ్చేస్తుంది, కిందది చెక్కు చెదరదు. మేము ఇప్పుడు బళ్ళలో నేర్పేది ఇదే, కానీ అరవయ్యేళ్ళ కిందట షాపు బోర్డులు రాసుకునే మనిషికి ఎవరు చెప్పారు. పశ్చాత్తాపం అనుకున్నాను. తప్పు చేస్తూ చేస్తూ తప్పుకి తలుపు తీసిపెట్టాడు అనుకుని, ఆ రోజు ఇంటికెళ్ళేదాకా కళ్ళు తడుస్తూనే ఉన్నాయి. చీలమండ దగ్గర, తట్ట అంచు దగ్గర, మోచేతి దగ్గర గోరంత గోరంత గళ్ళు తుడిచి చూశాను. వెన్నలా వచ్చేసింది. ఒక్క చోట తప్ప. కాళ్ళ దగ్గర నీడ రాలేదు. మూడు రోజులు చూశాను, సీసాలు మార్చాను, పాళ్ళు మార్చాను, మందు పాతబడిందని పంపినవాళ్ళని తిట్టుకున్నాను. బ్లేడు మొనతో ఆవగింజంత గీకితే నాన్న మట్టిరంగు కింద నీలం కనిపించింది, డ్రాయింగు దొర నీలం. ఆ నీలంలో సన్నటి పగులు, పగుల్లో మళ్ళీ ఏదో మట్టిరంగు. మురికి అని రాసుకున్నాను. రాసుకుని ముఖం వైపు వెళ్ళిపోయాను, ఎందుకంటే అందరికీ కావలసింది ముఖం.

ఫోను మోగింది. అమ్మ. అప్పుడే పదకొండున్నర.

"ఏమే, తుడిచేశావా?"

"ఇంకా లేదమ్మా. పన్నెండింటికి."

"అయితే ఆగు. నేనూ వస్తున్నా, బస్సు దిగాను. నా ముఖం నువ్వు తుడుస్తుంటే నేను లేకపోతే ఎలా."

ఎండలో నడవొద్దు, మెట్ల దగ్గర కూర్చో, నేను దిగి వస్తాను అన్నాను. ఎండ నాకు కొత్తా, నలభై రోజులు ఈ ఎండలోనే కదా నిలబెట్టింది, పెరట్లో, సరిగ్గా పన్నెండు నుంచి పావుగంట, ముందు కాదు తరవాత కాదు అంది. అది తెలిసిన కథే, కాళ్ళు వాచిన కథ. ఊఁ కొడుతూ భూతద్దం చొక్కాకి తుడుచుకుంటున్నాను. అప్పుడు అమ్మ రొప్పుతూ, నడుస్తూనే, కూరల ధర చెప్పినంత మామూలుగా అంది, "మీ నాన్న కదలొద్దనేవాడు, ఆ ముసలాయనేమో కిందకూర్చుని సుద్దముక్కతో నా కాళ్ళ చుట్టూ గీతలు గీసేవాడు, చక్కిలిగిలి పెట్టి చచ్చేది."

ఏ ముసలాయన అన్నాను.

"గురువుగారే. ఇంకెవరు?"

పరంజా ఊగినట్టయింది. ఊగలేదు, నేను పట్టుకున్నాను. గురువుగారు మనింటికి వచ్చారా అంటే రోజూ వచ్చేవారంది. వెనక సందులోంచి, పెరటి తలుపు తోసుకుని. ఆయన చెయ్యి వణికేది, కుంచె పట్టలేకపోయేవారు, సుద్దముక్క మాత్రం పట్టుకుని తట్ట నీడ చుట్టూ గీసి, చూశావా, గుండ్రంగా కాళ్ళ కిందే ఉంది, నేనూ మొదట ఇలాగే వేశాను, డ్రాయింగు దొర చెరిపించాడు, నువ్వు వెయ్యి, మళ్ళీ ఎవరూ చెరపలేకుండా వెయ్యి అనేవారట. మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం అని అడిగాను. అమ్మ రోడ్డు దాటుతూనే చెప్పింది. ఆయన అప్పటికింకా బడిలోనే ఉన్నారు, సుద్ద చెవులు తుడిచి సర్దే ఉద్యోగం, బడిలో పెద్దలంతా డ్రాయింగు దొర చేతి కింద ఎదిగినవాళ్ళే, గురువుగారే దగ్గరుండి ఆ దొర దిద్దించింది చెరిపిస్తున్నారని తెలిస్తే ముసలాయన్ని రోడ్డు మీద పెట్టేవాళ్ళు. ఎవరికీ చెప్పనని మీ నాన్న మాటిచ్చాడు. "మాటిచ్చినాయనా లేడు, పుచ్చుకున్నాయనా లేడు. ఇంక నేనెందుకు మొయ్యడం, తట్ట మోసింది చాలదా?" అంది. అని, గేటు దగ్గర వాచ్‌మన్‌తో ఏదో మాట్లాడుతూ ఫోను పెట్టేసింది.

ఒక మెట్టు దిగాను, రెండు మెట్లు దిగాను, పరంజా కింది పలక మీద బోర్లా పడుకున్నాను. ఈ వయసులో బోర్లా పడుకోవడం, ఎవరైనా చూస్తే నవ్విపోతారు. నీడకి ఎదురుగా నా ముఖం. టార్చి పక్కనుంచి వేశాను, బొమ్మ మీద వాలుగా, చిన్న చిన్న ఎత్తుపల్లాలు కనపడేలాగ. వార్నీషు మెరుపు అమ్మ పాదాల దాకా వచ్చి ఆగిపోయింది. కుంచె ఆగిన చోటు కూడా తెలుస్తోంది, అంచు వెంబడి జాగ్రత్తగా, గుండ్రంగా తిరిగి వెళ్ళింది. నీడ ఉన్నంత మేరా వార్నీషు లేదు. అవతల, డ్రాయింగు దొర వేయించిన పొడుగు నీడ మెట్లు దిగిన చోట నేల రంగు పూసినంత మేరా కూడా లేదు. మర్చిపోవడం కాదు. అంగుళం అంగుళం వార్నీషు పూసినవాడు మర్చిపోడు. మందు పాతబడలేదు, నేనే పాతబడ్డాను. మనిషిని తీసెయ్యడానికి వీలుగా వేశాడు, నీడని తీసెయ్యడానికి వీల్లేకుండా వేశాడు. వార్నీషు ఎక్కడుందో ఎక్కడ లేదో చూసుకుని తియ్యి తల్లీ. చెప్పులకొట్టు బోర్డు మీద చె అక్షరం దగ్గర ఉన్నాడు అప్పుడు, ఎర్ర రంగు, నాకు బాగా గుర్తుంది. మాటిచ్చాడు కాబట్టి చెప్పకూడదు, కూతురు కాబట్టి చెప్పకుండా ఉండలేడు, అంతకంటే ఎలా చెప్తాడు. నలభై ఏళ్ళు ఆ మాట నా దగ్గరుంది, నేను దాన్ని విదిలింపు అనుకున్నాను.

భూతద్దం పెట్టి నీలంలో పగులు చూశాను. మురికి కాదు. మురికి బూడిదగా ఉంటుంది, దీన్లో ఆకుపచ్చ ఉంది, చిటికెడు. అదే కలుపు. గురువుగారిది అడుగున, డ్రాయింగు దొర దిద్దించింది నడుమ, నాన్నది పైన, అడుగుదీ పైదీ ఒకటే రంగు, ఒకటే చోటు. నడుమ నీలం నలిగి పగిలింది. దీన్ని మురికి అని రాసింది నేను. రెండేళ్ళు విదేశంలో చదివి, ముప్పై ఏళ్ళు పనిచేసి, మా ఇంట్లో పుట్టిన రంగుని గుర్తుపట్టలేక మురికి అని రాశాను, తేదీ కూడా వేశాను. తుడుపు మాస్టారు నాన్న కాదు. నాకు ఏడుపొచ్చింది, పలక మీద అలాగే పడుకుని ఏడ్చాను, కన్నీళ్ళు బొమ్మ మీద పడకుండా ముఖం పక్కకి తిప్పుకుని మరీ ఏడ్చాను, ఉద్యోగం అలవాటు.

తరవాత నవ్వొచ్చింది. ఎందుకంటే ఒకటి తట్టింది. ఈ నీడ తట్టది. నడినెత్తిన ఎండలో తట్ట మోసే మనిషికి తట్టంత గుండ్రటి నీడే పడుతుంది, అందులో మనిషి ఎక్కడా కనపడదు. పైన అమ్మని తీసేసి కింద దొరని బయటపెట్టామనుకో, తెల్ల బట్టలు, టోపీ, తాళంచెవి అన్నీ వస్తాయి, ఆయన నీడ రాదు కదా. దొర కూలిమనిషి తట్ట నీడలో నిలబడతాడు. గీకి తియ్యాలంటే కింద గురువుగారిదీ పోతుంది. ముసలాయన సుద్దముక్క పట్టుకుని వణుకుతూ వణుకుతూ ఇంత దూరం ఆలోచించారా, ఇద్దరూ కలిసి పెరట్లో కూర్చుని నవ్వుకున్నారా. నవ్వుకునే ఉంటారు. నాన్న ఆ ఒక పక్క నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది.

ఇంకా ఇరవై నిమిషాలుంది. నివేదిక తీశాను. అవసరమే అన్న మాట కొట్టేశాను, సాధ్యమే అన్నదీ కొట్టేశాను, కాదు అని రాసి ఎందుకు కాదో ఏడు లైన్లలో రాశాను. మొదటి పేజీలో చిత్రకారుడు అన్న గడిలో డ్రాయింగు దొర పేరు టైపు చేసి ఉంది. దాని మీద గీత పెట్టి ముందు గురువుగారి పేరు, కింద నాన్న పేరు రాశాను. తుడుపు మాస్టారు అని కాదు, వాళ్ళమ్మ పెట్టిన పేరు, ఇంటిపేరుతో సహా. గడి చిన్నది, అంచు దాటింది. జయంతి పండగ చేసుకునేవాళ్ళు ఊరుకోకపోవచ్చు, బాగుచేయడానికి ఇస్తామన్న సాయం వెనక్కి తీసుకోవచ్చు, డైరెక్టరు ఈ చివరి నెలలో నాకు చుక్కలు చూపించవచ్చు. చూపించనీ. సంతకం పెట్టాను.

వాళ్ళు పది నిమిషాలు ముందే వచ్చారు, అప్పటికి నేను కిందే ఉన్నాను. డైరెక్టరు పరంజా ఖాళీగా ఉండటం చూసి ముఖం మాడ్చుకుని, ఎడమ చెంప అన్నాడు మెల్లిగా. నేను నివేదిక నిపుణురాలి చేతికిచ్చాను, భూతద్దం కూడా ఇచ్చాను, ఎక్కడ చూడాలో చూపించాను. ఆవిడ చేతిసంచీ కింద పెట్టి, నాలాగే బోర్లా పడుకుంది. రెండు మూడు నిమిషాలు లేవలేదు. ఫోటో తీసేవాడు ఏం తియ్యాలో తెలియక గడియారాన్ని తీశాడు. ఆవిడ లేచి, మోచేతులు దులుపుకుని, రంగుల సంగతి ఒప్పుకుంటాను, కానీ ఈ నీడ ఈ మనిషిదేనని, ఈ వేళదేనని ఏమిటి నిదర్శనం అని అడిగింది. అడగాల్సిందే, నేనైనా అదే అడుగుతాను. బయటికి రండి అన్నాను.

అమ్మ పై మెట్టు మీద నిలబడి తోటమాలితో మాట్లాడుతోంది. కూర్చోమంటే ఎప్పుడు కూర్చుంది గనక. తోటమాలి తట్ట ఖాళీగా పక్కనే ఉంది, ఇనపదే. అడిగాను. అమ్మ నా వంకా, వెనక వస్తున్న జనం వంకా చూసింది, ఎందుకని అడగలేదు, భుజం మీది తువ్వాలు తీసి చుట్టచుట్టి నెత్తిన పెట్టుకుని, తట్ట ఎత్తి పెట్టుకుంది. ఒక చెయ్యి అంచు మీద, రెండోది నడుం మీద, ఎవరూ చెప్పకుండానే. పైన గోపురంలో గడియారం కొట్టడం మొదలుపెట్టింది. జేబులో సుద్దముక్క ఉంది, పరంజా కాళ్ళకి గుర్తులు పెట్టుకునేది. నేను మోకాళ్ళ మీద కూర్చుని అమ్మ పాదాల చుట్టూ గీయడం మొదలుపెట్టాను. గుండ్రంగా, మెట్టు అంచు దాటకుండా, అలిసిన రాయి రంగులో ఉంది నీడ. నిపుణురాలు వంగి చూస్తూ, తన నీడ దాని మీద పడుతోందని గమనించి ఒక అడుగు పక్కకి జరిగింది.

"ఇంకా ఎంతసేపే?" అంది అమ్మ, తల కదపకుండా.

"పావుగంట."

"మీ నాన్నా ఇదే మాట చెప్పేవాడు," అంది, కానీ కదల్లేదు.